బెంగళూరులో ఫ్లాటో సైటో అమ్మితే: పన్ను కట్టడమా, బాండ్లు కొనడమా, మరో ఇల్లు తీసుకోవడమా?

బెంగళూరు తూర్పు వైపున, మారతహళ్ళి నుంచి కాడుగోడి దాకా, అనంతపురం, చిత్తూరు, కడప, నెల్లూరు జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళలో చాలామంది పది పదిహేనేళ్ళ కిందట ఒక ఫ్లాటో, ఒక థర్టీ ఫార్టీ సైటో (30x40 అడుగుల ఇళ్ళ స్థలమో) కొని పెట్టుకున్నారు. ఇప్పుడు పిల్లల పైచదువుల కోసమో, ఊరికి తిరిగి వెళ్ళడానికో, పెద్ద ఇంటికి మారడానికో వాటిని అమ్ముతున్నారు. పదహారేళ్ళుగా ఒక ఆడిటరు ఆఫీసులో రిటర్నులు తయారుచేసే పనిలో ఉన్న నన్ను వీళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ట్యాక్స్ పడకుండా ఏం చేయాలి?"

ఈ ప్రశ్నకు చట్టంలో సమాధానాలు లేకపోలేదు. అయితే అడగవలసిన ప్రశ్న అది కాదని నా నమ్మకం. పన్ను కడితే ఎంతవుతుంది, ఆ పన్ను తప్పించుకోవడానికి ఎంత ఖర్చవుతుంది అన్న రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, ముఖ్యంగా బెంగళూరులో, చాలామంది విషయంలో రెండో అంకే పెద్దదిగా తేలుతుంది. పన్ను వచ్చేది లాభం మీద మాత్రమే. కొత్త ఇంటి రిజిస్ట్రేషన్ ఖర్చు, జీఎస్టీ మాత్రం ఆ ఇంటి మొత్తం ధర మీద పడతాయి.

ఒక మాట ముందే చెప్పాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం అమలులోకి వచ్చింది, సెక్షన్ల సంఖ్యలు మారాయి. అయినా ఆడిటర్లూ, బ్యాంకులవాళ్ళూ, అమ్మేవాళ్ళూ ఈ లాభం మీద పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్లను ఇప్పటికీ 54, 54ఎఫ్, 54ఈసీ అనే అంటున్నారు కాబట్టి నేనూ పాత సంఖ్యలనే వాడుతున్నాను. లెక్కలన్నీ 2025-26లో జరిగిన అమ్మకాలకు వేసినవి.

ముందుగా, అసలు పన్ను ఎంత?

స్థిరాస్తిని 24 నెలలకు మించి ఉంచుకుని అమ్మితే వచ్చేది దీర్ఘకాలిక మూలధన లాభం. అంతకన్నా ముందే అమ్మితే లాభమంతా జీతంతో కలిసి స్లాబు ప్రకారం పన్నుకు గురవుతుంది, పైగా కింద చెప్పబోయే మినహాయింపులేవీ దానికి వర్తించవు. అందువల్ల ఇరవై రెండో నెలలో మంచి బేరం వచ్చిందని తొందరపడేవారు రెండు నెలలు ఆగగలరా అన్నది ముందు ఆలోచించాలి.

దీర్ఘకాలిక లాభానికి 2024 జూలై 23 నుంచి రేటు 12.5 శాతం, ఇండెక్సేషన్ లేకుండా. ఆ తేదీకి ముందు కొన్న భూమినో భవనాన్నో అమ్మే రెసిడెంటు వ్యక్తులకు, హిందూ అవిభక్త కుటుంబాలకు మాత్రం పాత పద్ధతి, అంటే ధరల సూచీ ప్రకారం కొన్న ధరను పెంచుకుని (ఇదే ఇండెక్సేషన్) మిగిలిన లాభం మీద 20 శాతం కట్టే పద్ధతి, ఇంకా అందుబాటులో ఉంది. రెండింటిలో ఏది తక్కువైతే అది కట్టవచ్చు. కంపెనీలకూ, ఎన్నారైలకూ ఈ వెసులుబాటు లేదు. ఇండెక్సేషన్ వేసినప్పుడు లాభం పోయి నష్టం కనిపిస్తే పన్ను సున్నా అవుతుంది, కానీ ఆ నష్టాన్ని వేరే లాభంలో సర్దుకోవడానికి వీలులేదు.

ఏది తక్కువ అన్నది ఆస్తి ఎన్ని రెట్లు పెరిగిందన్న దాన్ని బట్టి ఉంటుంది. 2012-13లో సూచీ 200, 2025-26లో 376. 2012-13లో కొన్న ఆస్తి ఇప్పుడు సుమారు మూడున్నర రెట్లకు, కచ్చితంగా చెప్పాలంటే 3.35 రెట్లకు, తక్కువగా పెరిగి ఉంటే 20 శాతం పద్ధతి లాభం, అంతకు మించితే 12.5 శాతం లాభం. 2010-11లో సూచీ 167 కాబట్టి అప్పుడు కొన్నదానికి ఈ సరిహద్దు 4.3 రెట్ల దగ్గర ఉంటుంది. నా అనుభవంలో ఫ్లాట్లు ఈ గీతకు కిందా, సైట్లు పైనా పడుతుంటాయి. ఫ్లాటులో భవనం పాతబడుతుంది, సైటులో నేల విలువ పెరుగుతుంది. పన్ను లెక్కలోనూ ఆ తేడా కనిపిస్తుంది.

దీనిమీద 4 శాతం సెస్సు ఎలాగూ ఉంటుంది. చాలామంది మరిచిపోయేది సర్‌చార్జి. జీతం, ఈ లాభం కలిపి ఆ ఏడాది మొత్తం ఆదాయం 50 లక్షలు దాటితే పన్ను మీద 10 శాతం, కోటి దాటితే 15 శాతం అదనంగా పడుతుంది. అది లాభం మీద పన్నుకే కాక జీతం మీద పన్నుకు కూడా పడుతుంది. రెండు సైట్లు అమ్మదలచినవారు ఒకదాన్ని మార్చిలోనూ, రెండోదాన్ని ఏప్రిల్‌లోనూ రిజిస్టరు చేయిస్తే రెండు వేర్వేరు ఏళ్ళలో పడి ఈ సర్‌చార్జి తప్పే అవకాశం ఉంది. చిన్న ఆదాయం ఉన్నవారికి ఇంకో విషయం: కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు దొరికే రిబేటు ఈ లాభానికి వర్తించదు, పైగా లాభం కలిసి మొత్తం ఆదాయం 12 లక్షలు దాటితే మామూలు ఆదాయం మీద వచ్చే రిబేటు కూడా ఆ ఏడాదికి పోతుంది.

మా బావగారి డైనింగ్ టేబుల్ మీద వేసిన లెక్క

మా బావగారు ఒక ప్రైవేటు సంస్థలో పనిచేసి రిటైరయ్యారు. 2012-13లో మున్నెకొళాలలో రిజిస్ట్రేషన్‌తో కలిపి 38 లక్షలకు కొన్న రెండు పడకగదుల ఫ్లాటును 80 లక్షలకు అమ్మడానికి బేరం కుదిరింది. నేను వెళ్ళేసరికి టేబుల్ మీద సర్జాపుర రోడ్డులో కడుతున్న ఒక అపార్ట్‌మెంటు తాలూకు రంగుల బ్రోచరు ఉంది. "42 లక్షల లాభానికి ట్యాక్స్ ఐదున్నర లక్షలంట. ఎందుకు దండగ? ఈ 90 లక్షల ఫ్లాటు తీసుకుంటే మొత్తం మిగులుతుంది కదా," అన్నారు. అప్పటికే లక్ష రూపాయలకు చెక్కు రాసి బ్రోచరులో పెట్టి ఉంచారు.

ఆ బ్రోచరు వెనకవైపే లెక్క వేశాము. 12.5 శాతం పద్ధతిలో 42 లక్షల మీద 5.25 లక్షలు, సెస్సుతో 5.46 లక్షలు, ఆయన విన్నది ఈ అంకె. 20 శాతం పద్ధతిలో 38 లక్షల కొనుగోలు ధర 376 బై 200 చొప్పున పెరిగి 71.44 లక్షలవుతుంది. మిగిలిన లాభం 8.56 లక్షలు, దానిమీద 20 శాతం 1.71 లక్షలు, సెస్సుతో కలిపి 1,78,048 రూపాయలు. ఆయన ఇతర ఆదాయం తక్కువ కాబట్టి సర్‌చార్జి లేదు. అంటే తప్పించుకోవలసిన పన్ను అసలు ఒక లక్షా డెబ్బై ఎనిమిది వేలే.

ఇక రెండో వైపు. నిర్మాణంలో ఉన్న 90 లక్షల ఫ్లాటుకు జీఎస్టీ 5 శాతం, నాలుగున్నర లక్షలు. కర్ణాటకలో 45 లక్షలు దాటిన ఆస్తికి స్టాంపు డ్యూటీ 5 శాతం, దానిమీద సెస్సు, సర్‌చార్జి కలిపి నగర పరిధిలో 5.6 శాతం, 2025 ఆగస్టు 31 నుంచి రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం నుంచి 2 శాతానికి పెరిగింది కాబట్టి మొత్తం 7.6 శాతం, అంటే 6.84 లక్షలు. రెండూ కలిపితే 11.34 లక్షలు. లక్షా డెబ్బై ఎనిమిది వేలు మిగుల్చుకోవడానికి పదకొండు లక్షల ముప్ఫై నాలుగు వేలు. బావగారు చాలాసేపు ఆ రెండు అంకెలనే చూస్తూ కూర్చుని, తరువాత ఆ చెక్కును తీసి డైరీలో పెట్టుకున్నారు.

దీన్నిబట్టి సెక్షన్ 54 పనికిరాదని అనుకోకూడదు. ఎలాగూ ఇల్లు కావలసినవారికి దానంత మంచి దారి మరొకటి లేదు. ఇల్లు అమ్మి ఇల్లు కొనేవారు ఈ సెక్షన్ కింద అమ్మిన మొత్తమంతా పెట్టనక్కరలేదు, లాభం మేరకు పెడితే చాలు. కొత్త ఇంటి స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా ఆ పెట్టుబడిలో భాగమే. అమ్మకానికి ఏడాది ముందు నుంచి రెండేళ్ళ తరువాత వరకు కొనవచ్చు, కట్టుకునేటట్టయితే మూడేళ్ళలో కట్టుకోవచ్చు. లాభం 2 కోట్లు మించకపోతే జీవితంలో ఒక్కసారి ఒకటికి బదులు రెండు ఇళ్ళు కొనే అవకాశమూ ఉంది. ఇద్దరు పిల్లలున్నవారు ఇది గుర్తుంచుకోవాలి. మినహాయింపు లెక్కకు వచ్చే పెట్టుబడికి 10 కోట్ల పరిమితి ఉన్నా మనలో చాలామందికి అది అడ్డం రాదు.

కొత్త ఇల్లు బెంగళూరులోనే ఉండాలన్న నియమం లేదు, భారతదేశంలో ఎక్కడైనా ఉండవచ్చు. ఊళ్ళో నాన్నగారిచ్చిన స్థలంలో ఇల్లు కట్టుకోవాలనుకుంటున్నవారు సర్జాపుర రోడ్డులో ఫ్లాటు వెతుక్కోవలసిన పనే లేదు. స్థలం ఉంది, జీఎస్టీతో కూడిన ఫ్లాటు కొనుగోలు లేదు, పెద్ద రిజిస్ట్రేషన్ ఖర్చూ లేదు. స్థలం తమ పేరుకు మారిందో లేదో చూసుకుని, ఖర్చంతా బ్యాంకు ద్వారా చేసి, ప్లాను అనుమతి, బిల్లులు దాచుకుంటే లాభం మేరకు మినహాయింపు దొరుకుతుంది. నాకు తెలిసినంతలో బెంగళూరు తెలుగువాళ్ళకు అన్నిటికన్నా చవకగా పడే దారి ఇదే, అందరికన్నా తక్కువ మంది ఆలోచించేదీ ఇదే.

కొత్త ఇంటిని మూడేళ్ళలోపు అమ్మితే మాత్రం అప్పుడు వదిలిన లాభం తిరిగి పన్నులోకి వస్తుంది. బిల్డరు ఆలస్యం మరో ప్రమాదం. గడువులోగా డబ్బు కట్టినవారికి ఇల్లు చేతికి రావడం ఆలస్యమైనా మినహాయింపు ఇవ్వాలని తీర్పులు వచ్చిన సందర్భాలున్నాయి, కానీ వాటి కోసం అప్పీళ్ళ దాకా వెళ్ళవలసిన అవస్థ ఎవరికీ అక్కరలేదు. అందుకే సెక్షన్ 54 కోసం కొనేవారికి ఓసీ (భవనం నివాసానికి సిద్ధమని అధికారులిచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చిన ఫ్లాటు, ఈ-ఖాతా (ఆస్తికి ఆన్‌లైన్‌లో ఇచ్చే ఖాతా పత్రం) ఉన్న ఫ్లాటు చూసుకోమని నేను గట్టిగా చెబుతాను. ఓసీ వచ్చిన తరువాత బిల్డరు నుంచి కొంటే జీఎస్టీ కూడా ఉండదు.

బాండ్లు ఎవరికి?

54ఈసీ బాండ్లను ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ, ఐఆర్‌ఎఫ్‌సీ వంటి ప్రభుత్వ రంగ సంస్థలు ఇస్తాయి. 2025 ఏప్రిల్ నుంచి హడ్కో కూడా ఆ వరుసలో చేరింది. అమ్మిన తేదీ నుంచి ఆరు నెలల్లోపు, గరిష్ఠంగా 50 లక్షల వరకు కొనవచ్చు. ఐదేళ్ళు కదిలించకూడదు, ఆ బాండ్లు చూపించి అప్పు తీసుకున్నా మినహాయింపు పోతుంది. వడ్డీ 5.25 శాతం, దానిమీద పన్ను ఉంటుంది.

"ఐదేకాలు శాతమా?" అని చాలామంది అక్కడే ఆగిపోతారు. వడ్డీని మాత్రమే చూస్తే అది నిజంగానే తక్కువ. మొదటి రోజునే మిగిలిన పన్నును కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఒక ఉదాహరణ చూద్దాం. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులు, ఇద్దరూ సమానంగా డబ్బు పెట్టి 2010-11లో హొసకోటె వైపు 10 లక్షలకు కొన్న సైటును 60 లక్షలకు అమ్మారనుకుందాం. ఆరు రెట్లు పెరిగింది కాబట్టి వీరికి 12.5 శాతమే మేలు: 50 లక్షల లాభానికి 6.25 లక్షలు, సెస్సుతో 6.5 లక్షలు. పాత పద్ధతిలో అయితే సెస్సు లేకుండానే 7.5 లక్షలయ్యేది. ఒక్కొక్కరి వాటా లాభం 25 లక్షలు, ఒక్కొక్కరి పన్ను పరిధిలోని జీతం 18 లక్షల చొప్పున అనుకుంటే మొత్తం 50 లక్షలు దాటలేదు, సర్‌చార్జి లేదు.

వీళ్ళ ముందు రెండు దారులు. 50 లక్షలూ బాండ్లలో పెట్టడం, లేదా ఆరున్నర లక్షలు పన్ను కట్టి మిగిలిన 43.5 లక్షలను మరోచోట పెట్టడం. వీళ్ళ స్లాబులో బాండ్ల వడ్డీ పన్ను పోగా ఏటా సుమారు 2.08 లక్షలు చేతికి వస్తుంది. రెండో దారిలో 43.5 లక్షలను 7 శాతం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేస్తే పన్ను పోగా ఐదున్నర శాతం చొప్పున ఐదేళ్ళకు 57 లక్షలవుతుంది. బాండ్ల వడ్డీని కూడా ఏటేటా అదే డిపాజిట్‌లో వేస్తూ పోతే బాండ్ల దారిలో 61.6 లక్షలుంటుంది. అంటే డిపాజిట్ తప్ప మరో ఆలోచన లేనివారికి బాండ్లే నాలుగున్నర లక్షలు మేలు.

అదే దంపతులకు ఉంటున్న ఇంటి మీద ఎనిమిదిన్నర శాతం వడ్డీతో అప్పు నడుస్తోందనుకుందాం, కొత్త పన్ను విధానంలో ఉన్నారు కాబట్టి ఆ వడ్డీకి మినహాయింపు లేదు. పన్ను కట్టి 43.5 లక్షలను అప్పులో జమ చేస్తే ఐదేళ్ళలో అది 65.4 లక్షల అప్పును తగ్గించినట్టు. బాండ్లు కొని వాటి వడ్డీని మాత్రం అప్పుకు జమ చేస్తూ పోతే 62.3 లక్షలు. ఇక్కడ పన్ను కట్టడమే మూడు లక్షలు మేలు. అప్పు వడ్డీ ఏడున్నర శాతం దగ్గర ఉంటే రెండూ ఇంచుమించు సమానం, అంతకన్నా తక్కువగా ఉంటే బాండ్లు ముందుంటాయి. ఇంటి అప్పు ఉన్నవారికి నేను ఇచ్చే సలహా ఇదే: ముందు మీ లోను స్టేట్‌మెంట్ తీసి వడ్డీ రేటు చూడండి, బాండ్ల ఫారం సంగతి ఆ తరువాత. వడ్డీ రేట్లు ఏడాదికేడాది మారుతాయి కాబట్టి అంకెలు మీరు మళ్ళీ వేసుకోవాలి, పద్ధతి మాత్రం ఇదే.

బావగారి వంటి ఫ్లాటు అమ్మకాల్లో, అంటే ఇండెక్సేషన్‌తో పన్ను బాగా తగ్గే చోట, బాండ్లు ఎంత మేరకు కొంటే ఎంత తగ్గుతుందన్నది రెండు పద్ధతుల్లోనూ ఆడిటరు చేత వేయించుకున్న తరువాతే డబ్బు పెట్టాలి. 50 లక్షలు కళ్ళు మూసుకుని ఐదేళ్ళపాటు కట్టిపడేయవలసిన అవసరం వారికి సాధారణంగా ఉండదు.

సైటు అమ్మి ఇల్లు కొనేవారి చిక్కు

ఇల్లు అమ్మినవారికీ సైటు అమ్మినవారికీ చట్టం వేర్వేరు కొలతలు పెట్టింది. సైటుకు వర్తించేది 54ఎఫ్. ఇక్కడ లాభం పెడితే చాలదు, అమ్మగా వచ్చిన మొత్తాన్ని కొత్త ఇంట్లో పెట్టాలి. పై ఉదాహరణలో 50 లక్షల లాభాన్నే పెట్టి మిగిలిన 10 లక్షలు చేతిలో ఉంచుకుంటే మినహాయింపు 50 లక్షలకు రాదు. 60లో 50 వంతు చొప్పున 41.67 లక్షలకే వస్తుంది.

రెండో షరతు ఇంకా కఠినం. అమ్మిన రోజున, కొత్తగా కొనేది కాక, మీ పేరిట ఒకటికి మించి ఇళ్ళు ఉండకూడదు. మారతహళ్ళిలో ఉంటున్న ఫ్లాటు ఒకటి, వైట్‌ఫీల్డ్‌లో అద్దెకిచ్చిన ఫ్లాటు మరొకటి ఉన్నవారు ఇక్కడే ఆగిపోవాలి. ఊళ్ళో అన్నదమ్ముల ఉమ్మడి ఇంట్లో వాటా ఉంటే అది ఇల్లుగా లెక్కకు వస్తుందా రాదా అన్నదానిపై తీర్పులు రెండు రకాలుగానూ వచ్చాయి. భాగపంపకాలు ఎలాగూ చేసుకోవలసి ఉన్నవారు సైటు అమ్మకానికి ముందే ఆ కాగితాలు పూర్తిచేసుకోవడం మంచిది. ఇళ్ళు రెండు మూడు ఉన్నవారికి సైటు అమ్మకంలో మిగిలేవి బాండ్లు, పన్ను, ఈ రెండు దారులే.

హిందూపురం, బాగేపల్లి, చిక్కబళ్ళాపుర వైపు వ్యవసాయ భూమి కొన్నవారు "దానికి ట్యాక్సే లేదు" అని అంటుంటారు. గ్రామీణ వ్యవసాయ భూమికి అది నిజమే. జనాభాను బట్టి మున్సిపాలిటీ హద్దు నుంచి 2, 6, లేదా 8 కిలోమీటర్ల లోపల ఉంటే మాత్రం అది గ్రామీణ భూమి కాదు. దూరాన్ని రోడ్డు మీద కాక గాలిలో గీసిన గీతతో కొలుస్తారు. వ్యవసాయం నుంచి మార్పిడి చేసి లేఅవుట్ వేసిన సైటుకు ఈ మినహాయింపు వర్తించదు.

ఎవరి పేరు, ఎవరి డబ్బు

సేల్ డీడ్‌లో భార్య పేరు చేర్పించినంత మాత్రాన లాభంలో సగం ఆమె ఖాతాలోకి వెళ్ళదు. డబ్బంతా భర్తదే అయితే ఆ ఆదాయాన్ని భర్త ఆదాయంలోనే కలుపుతారు. ఆమె జీతం నుంచో, పుట్టింటివారు ఇచ్చిన దాన్నుంచో నిజంగా డబ్బు పెట్టి ఉంటే, ఆ బదిలీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనిపిస్తే, ప్రయోజనం చాలా ఉంది: ఇద్దరికీ విడివిడిగా 50 లక్షల చొప్పున బాండ్ల పరిమితి, సర్‌చార్జి గీత విడివిడిగా, వేరే ఆదాయం లేని భార్యకు కొత్త విధానంలో 4 లక్షల మూల మినహాయింపు లాభంలో సర్దుకునే వీలు. కొత్త ఇల్లు మాత్రం అమ్మినవారి పేరిటే ఉండాలి. కొడుకు పేరిట కొని తండ్రి మినహాయింపు అడిగితే ఇబ్బంది తప్పదు.

రిజిస్ట్రేషన్‌లో గైడెన్స్ వాల్యూ (ప్రభుత్వం ఆ ప్రాంతానికి నిర్ణయించిన కనీస విలువ) చూపించి మిగతాది నగదుగా ఇచ్చిపుచ్చుకోవడం గురించి కూడా చెప్పకుండా ఉండలేను. ఇది తప్పు, పైగా తెలివితక్కువ పని. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకుంటే తీసుకున్నంతా జరిమానాగా కట్టవలసి రావచ్చు. కొనేవారికి ఇంకా నష్టం: రేపు తాము అమ్మేటప్పుడు కొన్న ధరగా నిలిచేది డీడ్‌లో ఉన్న అంకె మాత్రమే, నల్లగా ఇచ్చిన ప్రతి రూపాయి మీదా వారే పన్ను కట్టాలి. గైడెన్స్ వాల్యూ డీడ్‌లోని ధర కన్నా 10 శాతానికి మించి ఎక్కువగా ఉంటే అమ్మినవారికి ఆ గైడెన్స్ వాల్యూనే అమ్మిన ధరగా తీసుకుంటారు.

అమ్మకుండా అద్దెకిచ్చి ఉంచుకుంటే?

80 లక్షల ఫ్లాటుకు నెలకు 25 వేల అద్దె వస్తే ఏడాదికి 3 లక్షలు. కట్టిన ఆస్తి పన్ను తీసివేసి, మిగిలిన దానిలో 30 శాతం ఏ లెక్కలూ చూపకుండానే తగ్గించుకోవచ్చు. అపార్ట్‌మెంటు అసోసియేషన్‌కు కట్టే మెయింటెనెన్స్ ఆ 30 శాతంలోనే కలిసిపోతుంది, విడిగా తగ్గించరు. అద్దెకిచ్చిన ఇంటి అప్పు వడ్డీని రెండు విధానాల్లోనూ అద్దెలోంచి తీసివేయవచ్చు. తేడా నష్టం వచ్చినప్పుడే: పాత విధానంలో ఏటా 2 లక్షల దాకా జీతంలో సర్దుకోవచ్చు, మిగిలినది ఎనిమిదేళ్ళు ముందుకు తీసుకుపోవచ్చు; కొత్త విధానంలో ఆ రెండూ లేవు.

ఆ 2 లక్షల కోసం పాత విధానంలో ఉండిపోవాలా? 24 లక్షల జీతానికి కొత్త విధానంలో పన్ను సెస్సుతో 2,92,500. పాత విధానంలో 80సీ కింద పొదుపులు లక్షన్నర, ఆరోగ్య బీమా 25 వేలు, ఇంటి నష్టం 2 లక్షలు తీసేసినా 4,21,200. హెచ్‌ఆర్‌ఏ (జీతంలో ఇచ్చే ఇంటి అద్దె భత్యం) కింద మరో నాలుగు లక్షలు తగ్గితేనే రెండూ దాదాపు సమానమవుతాయి. అంటే సొంత ఫ్లాటు అద్దెకిచ్చి, ఆఫీసుకు దగ్గరలో పెద్ద అద్దె కట్టి ఉంటున్నవారు తప్ప మిగిలినవారికి పాత విధానం ఇప్పుడు కలిసిరాదు. అప్పు తీరిపోయిన పాత ఫ్లాటును కేవలం పన్ను భయంతో అమ్మకుండా ఉంచుకోవడం నాకు సమంజసంగా అనిపించదు. అద్దె మూడు నాలుగు శాతం మించనప్పుడు, పాతబడే భవనం మరమ్మతులు పెరిగేకొద్దీ, ఆ భయం ఖరీదైనదవుతుంది.

గడువులు, కాగితాలు

కొత్త ఇల్లు కొనాలనే ఉంది, ఏదన్నది ఇంకా తేలలేదు అనేవారు రిటర్ను దాఖలు గడువులోగా, మామూలుగా జూలై 31లోగా, ఆ డబ్బును క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి. మామూలు సేవింగ్స్ ఖాతాలో ఉంచి "ఇంటికోసమే దాచాను" అంటే చెల్లదు. మా ఆఫీసుకు వచ్చే ఒక పెద్దాయన జూలై చివరి వారంలో తమ బ్యాంకుకు వెళితే కౌంటరులో ఉన్న అమ్మాయికి ఆ ఖాతా పేరే తెలియలేదు, ఫారం ఏ కోసం మూడు కౌంటర్లు తిరిగి, చివరికి వేరే శాఖకు పంపారు. ఆ ఖాతా నుంచి డబ్బు తీయడానికి ఒక ఫారం, దేనికి ఖర్చుపెట్టారో చెప్పడానికి మరో ఫారం, మూసివేయడానికి అసెసింగ్ ఆఫీసరు అనుమతి కావాలి. జూన్‌లోనే వెళ్ళండి, ఏ శాఖలో తెరుస్తారో ముందే ఫోను చేసి కనుక్కోండి.

పన్నే కట్టదలచినవారు అడ్వాన్సు ట్యాక్స్ సంగతి మరవకూడదు. అమ్మకం జరిగిన తరువాత వచ్చే వాయిదాల్లో, అంటే జూన్ 15, సెప్టెంబరు 15, డిసెంబరు 15, మార్చి 15లలో మిగిలినవాటిలో, కట్టేస్తే ముందరి వాయిదాలకు వడ్డీ పడదు. ధర 50 లక్షలు, ఆ పైన ఉంటే కొనేవారు మీకిచ్చే ధరలోంచి 1 శాతం టీడీఎస్ (ముందుగానే కోసే పన్ను) పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. అది మీ పాన్ మీద కనిపిస్తోందో లేదో చూసుకునే దాకా వారిని వదలకండి. అమ్మేది అమెరికాలో ఉన్న తమ్ముడి వాటా అయితే ఈ 1 శాతం వర్తించదు, ఎన్నారైలకు టీడీఎస్ చాలా పెద్దది; ఆయన అగ్రిమెంటుకు ముందే తక్కువ కోతకు సర్టిఫికెట్ కోసం దరఖాస్తు పెట్టుకోవాలి.

అన్నిటికన్నా ముందు పాత ఫైలు తీయండి. బావగారు మొదట నాతో చెప్పిన కొన్న ధర 36 లక్షలే. అటక మీద ఉన్న ట్రంకు పెట్టెలో, కరెంటు బిల్లుల కట్ట అడుగున, కన్నడంలో ఉన్న సేల్ డీడ్‌తో పాటు స్టాంపు డ్యూటీకి తీసిన డీడీ నకలు, సబ్ రిజిస్ట్రారు ఆఫీసు రసీదు, అంచులు పసుపుపచ్చబడి, పిన్ను తుప్పు పట్టి దొరికాయి. మొత్తం రెండు లక్షలు. ఇండెక్సేషన్‌తో అది 3.76 లక్షలైంది, కట్టవలసిన పన్ను 78,208 రూపాయలు తగ్గింది.